లారీ కాటా మీద నిమ్మకాయ

ఫోన్‌లో కాల్క్యులేటర్ తెరిచి సైన్ 37 డిగ్రీలు ఎంతో అడగండి. వేలు పైకి లేచేలోపే 0.6018150231 అంటూ అంకెలు వరసగా పడతాయి. మా రోజుల్లో ఇంటర్మీడియెట్ పిల్లలం ఈ జవాబు కోసం క్లార్క్స్ టేబుల్స్ తిరగేసేవాళ్లం. అట్ట ఊడిన ఆ పుస్తకంలో 37 ఎదురుగా నాలుగే అంకెలు ఉండేవి, 6018 అని. అంతకు మించి కావాలని మేమూ అడగలేదు.

మరి ఫోన్‌లో లెక్క కట్టిందెవరు? లోపల త్రిభుజం గీసి స్కేలుతో కొలిచినవాళ్లు లేరు. టేబుల్స్ పుస్తకాన్ని అలాగే తెచ్చి లోపల దాచారా అంటే అదీ కాదు. చిప్‌కి గట్టిగా వచ్చిన విద్య కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం. అంటే ఎక్కాలు నేర్చిన పిల్లాడి విద్యే, కాకపోతే సెకనుకు కోట్లసార్లు చేస్తుంది. సైన్, లాగరిథమ్, ప్రామాణిక విచలనం, ఇలా మనం అడిగేవన్నీ ఈ నాలుగు పోగులతోనే నేయాలి. నేసే పద్ధతిని ఒకరు జాగ్రత్తగా రాసి, పరీక్షించి, మిగతావాళ్లు పేరు పెట్టి పిలిస్తే పలికేలా పేర్చిపెట్టిన సంపుటిని ప్రోగ్రామర్లు లైబ్రరీ అంటారు. పైథాన్ భాషలో నంపై, సైపై అలాంటివే. ఆర్ అనే భాషనైతే గణాంకాల కోసమే పుట్టించారు.

ఇందులో ఏముంది, సూత్రం పాఠ్యపుస్తకంలో ఉంది కదా, దాన్నే కంప్యూటర్ భాషలోకి దించితే సరిపోదా? సరిపోదు. సూత్రం తెలియడం ఒక విద్య, అది చెడకుండా లెక్క కట్టడం మరో విద్య. ఈ రెండో విద్య గురించే ఈ వ్యాసం.

బీరువాలో టేపులు

లైబ్రరీ అన్న పేరు ఊరికే రాలేదు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1949లో ఎడ్సాక్ అనే కంప్యూటర్ పని మొదలుపెట్టింది. దానికి ప్రోగ్రాం అంటే రంధ్రాలు పొడిచిన కాగితపు టేపు. మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ కలిసి వర్గమూలానికొక టేపు, సైన్‌కొక టేపు చొప్పున చేయించి బీరువాలో పెట్టారు. కావలసినవాళ్లు ఆ టేపు తీసుకుని, తమ ప్రోగ్రాంలోకి నకలు చేసుకుని, మళ్లీ బీరువాలో పెట్టేయాలి. అచ్చం గ్రంథాలయమే. ఈ పద్ధతి మీద వాళ్లు 1951లో పుస్తకం కూడా వేశారు. అప్పటికి బీరువాలో 87 ఉపప్రోగ్రాములు చేరాయి.

వెయ్యి రోజుల తర్వాత ఏ వారం?

సైన్ దగ్గరికే వద్దాం. ఇవాళ సోమవారం అనుకోండి. వెయ్యి రోజుల తర్వాత ఏ వారమని అడిగితే క్యాలెండర్ వెయ్యిసార్లు తిప్పరు కదా. వెయ్యిని 7తో భాగిస్తే 6 మిగులుతుంది. సోమవారానికి ఆరు కలిపితే ఆదివారం. లైబ్రరీ మొదటి అడుగు సరిగ్గా ఇదే. 757 డిగ్రీలు అడిగితే, రెండు పూర్తి చుట్లు తీసేసి 37 మిగుల్చుకుంటుంది. 143 డిగ్రీలు అడిగినా 37కే వస్తుంది, ఎందుకంటే సైన్ వక్రం అద్దంలో బింబంలా రెండు పక్కలా ఒకటే. ఇలా మడతలు పెట్టుకుంటూ పోతే ఎంత పెద్ద కోణమైనా ఒక చిన్న ముక్కలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇక ఆ చిన్న ముక్కలో విలువ కట్టాలి. మనవాళ్లకు ఇది పాత సమస్యే. ఆర్యభటుడు 3.75 డిగ్రీలకొకటి చొప్పున 24 జ్యా విలువలు కట్టాడు. కేరళలో సంగమగ్రామ మాధవుడు 14వ శతాబ్దంలో ఇంకో మెట్టెక్కి, సైన్‌ను అంతులేని కూడికగా రాసే దారి చూపించాడు. కోణాన్ని దానితోనే మళ్లీ మళ్లీ గుణిస్తూ, ఒకసారి కలుపుతూ, ఒకసారి తీసేస్తూ పోవడం. అందులో ఉన్నవి మన నాలుగు పోగులే కాబట్టి చిప్‌కి చక్కగా అరుగుతుంది.

అయినా లైబ్రరీలు ఆ శ్రేణిని ఉన్నదున్నట్టు వాడవు. అది గొడుగులాంటిది. కర్ర దగ్గర నిలబడ్డవాడికి చినుకు తగలదు, అంచున ఉన్నవాడి భుజం తడుస్తుంది. శ్రేణిని నాలుగైదు పదాల దగ్గర ఆపేస్తే సున్నా దగ్గర తప్పు దాదాపు ఉండదు, దూరం పోయేకొద్దీ పెరుగుతుంది. లైబ్రరీ రాసేవాళ్లకు గొడుగు కాదు, పందిరి కావాలి. ఎక్కడ నిలబడినా ఒకే పాటి నీడ పడాలి. అందుకని శ్రేణిలోని గుణకాలను వెంట్రుకవాసి సవరిస్తారు. సున్నా దగ్గర కాస్త తప్పును ఒప్పుకుని, ఆ మేరకు అంచుల దగ్గర తగ్గించి, మొత్తం ముక్క మీద తప్పును సమంగా పరుస్తారు. ఆ సవరించిన గుణకాలే లైబ్రరీలో భద్రంగా ఉంటాయి. రష్యా గణితజ్ఞుడు చెబిషెవ్ 19వ శతాబ్దంలో వేసిన బాట ఇది.

చుట్లు తీసేయడం కూడా చెప్పుకున్నంత సులువు కాదు. కోణం డిగ్రీల్లో కాక రేడియన్లలో ఉంటే ఒక చుట్టు అంటే రెండు పై (π). పై అంకెలకు అంతం లేదు. ఒకటి పక్కన 22 సున్నాలున్న కోణానికి సైన్ అడిగామనుకోండి. చేతిలో పై విలువ 16 అంకెలకే ఉంటే, కోటానుకోట్ల చుట్లు తీసేశాక మిగిలేది కోణం కాదు, చెత్త. మంచి లైబ్రరీ ఇలాంటి వేళ కోసమే పై అంకెలను వందల సంఖ్యలో దాచుకుంటుంది. అంత పెద్ద కోణం ఎవరికి కావాలని మీరు అడగొచ్చు. నిజమే, దాదాపు ఎవరికీ అక్కర్లేదు. కానీ ఎవరో ఒకరు అడిగిన రోజున తప్పు చెప్పకూడదన్నది ఈ వృత్తిలో పట్టుదల.

కంప్యూటర్ ఇంకా అణాల కాలంలోనే

ఇక్కడి నుంచి అసలు చిక్కులు. ఏదైనా ప్రోగ్రామింగ్ భాషలో 0.1కి 0.2 కలపమంటే చాలాసార్లు 0.30000000000000004 అని వస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఇది చూసి కంప్యూటర్ పాడైందనుకుంటారు.

1957కు ముందు రూపాయికి 16 అణాలు, 64 పైసలు. రూపాయిలో సగం, పావు, అరపావు, వీసం అంటే నాణేలతో ఖచ్చితంగా ఇవ్వొచ్చు. రూపాయిలో పదో వంతు ఇవ్వమంటే? ఒక అణా రెండు పైసలు ఇస్తే కాస్త తక్కువ, ఇంకో పైసా వేస్తే ఎక్కువ. పైసాను సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి ఎంత దూరం వెళ్లినా పదో వంతు సరిగ్గా తేలదు. దశాంశ పద్ధతి వచ్చాక మనం ఆ బాధ వదిలించుకున్నాం. కంప్యూటర్ వదిలించుకోలేదు. దానికున్నవి సగాలు, సగంలో సగాలే. అందుకే 0.1 అనగానే దగ్గర్లో ఉన్న సంఖ్యను పట్టుకుని సరిపెట్టుకుంటుంది. ఆ తేడా మామూలుగా పదహారో అంకె తర్వాత ఎక్కడో ఉంటుంది.

ఎక్కడో ఉన్నది అక్కడే ఉంటే బాధ లేదు. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీలోని దహ్రాన్ దగ్గర అమెరికా పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ ఎదురొస్తున్న స్కడ్ క్షిపణిని అందుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ గడియారం కాలాన్ని సెకనులో పదో వంతులుగా లెక్కపెట్టేది. దాన్ని సెకన్లలోకి మార్చడానికి గుణించే 0.1 విలువను 24 బిట్లకు కత్తిరించి పెట్టుకుంది. దాదాపు 100 గంటలు ఆపకుండా నడిచేసరికి ఆ కత్తిరింపు పోగుపడి సెకనులో మూడో వంతు అయింది. స్కడ్ వేగానికి అది అర కిలోమీటరు పైమాటే.

ఒకప్పుడు యంత్రానికొక పద్ధతిలో సంఖ్యలను కత్తిరించేవారు. ఎంతవరకు దాచాలి, చివరి అంకెను ఎలా సవరించాలి అన్నదానికి 1985లో ఐఈఈఈ 754 అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. దాని వెనక ప్రధానంగా పనిచేసిన విలియం కహాన్‌కు 1989లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఇప్పటి లైబ్రరీలన్నీ ఆ పునాది మీదే నిలబడ్డాయి.

నిమ్మకాయను ఎలా తూచాలి?

నిమ్మకాయ బరువు కావాలి. మన దగ్గర లారీలు తూచే వేబ్రిడ్జి కాటా ఒక్కటే ఉంది. లారీలో నిమ్మకాయ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి తూచి, రెండింటి తేడా చూస్తే సరి అన్నాడొక తెలివైనవాడు. సూత్రప్రకారం తప్పేమీ లేదు. కాటా మాత్రం పది కిలోలకొక అంకె మారుస్తుంది. తేడా సున్నా వస్తుంది, లేదా పది కిలోల నిమ్మకాయ వస్తుంది.

గణాంకాల్లో ఈ తెలివైనవాడు అందరికీ తెలిసినవాడే. విస్తృతి లెక్క గుర్తుందా? సగటు నుంచి ఒక్కో విలువ ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి, సగటు తీయాలి. పరీక్షలో టైము కలిసిరావడానికి అడ్డదారి ఒకటి నేర్పుతారు. వర్గాల సగటులోంచి సగటు వర్గాన్ని తీసేయడం. కాగితం మీద రెండూ ఒకటేనని నిరూపించొచ్చు కూడా.

ఇప్పుడు మూడు సంఖ్యలు తీసుకోండి. 100 కోట్ల ఒకటి, 100 కోట్ల రెండు, 100 కోట్ల మూడు. సగటు 100 కోట్ల రెండు. దూరాలు ఒకటి, సున్నా, ఒకటి. విస్తృతి మూడింట రెండు వంతులు. నోటిలెక్క. ఇదే అడ్డదారిలో కంప్యూటర్‌తో చేయించండి. వర్గం చేయగానే సంఖ్య ఒకటి పక్కన 18 సున్నాల స్థాయికి వెళ్తుంది. అంత ఎత్తున మామూలు కంప్యూటర్ సంఖ్యల మధ్య ఎడం 128. వేబ్రిడ్జి అన్నమాట. వర్గాల చివర ఉండాల్సిన 1, 4, 9 అక్కడ ఆనవు, రాలిపోతాయి. చివరికి జవాబు సున్నా వస్తుంది. మూడు వేర్వేరు సంఖ్యలు, వాటి మధ్య తేడాయే లేదట! అంకెలు కాస్త అటూ ఇటూ అయితే ఫలితం మైనస్‌లోకి కూడా వెళ్తుంది. అప్పుడు ప్రామాణిక విచలనం కోసం వర్గమూలం అడిగితే, ఇది సంఖ్యే కాదని ప్రోగ్రాం చేతులెత్తేస్తుంది.

ఇంత పెద్ద సంఖ్యలు ఎవరి దగ్గరుంటాయి అనుకోకండి. చాలా కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా రాసుకుంటాయి. ఆ అంకె ఇప్పటికే 170 కోట్లు దాటింది. బస్సులు ఎన్ని సెకన్ల తేడాతో వస్తున్నాయో లెక్క చూడబోయినా ఈ గోతిలో పడొచ్చు. మామూలువాళ్లే కాదు, ఎక్సెల్ కూడా 2003 వెర్షన్ ముందువరకు ఈ అడ్డదారిలోనే నడిచింది. ఆ వెర్షన్‌తో మైక్రోసాఫ్ట్ దారి మార్చింది.

మందు సులువే. నిమ్మకాయను లారీతో కలపకుండా తూచాలి. అంటే ముందు సగటు తీసేసి, మిగిలిన చిన్న దూరాలనే వర్గం చేయాలి. కాకపోతే ఇందుకు విలువలన్నింటినీ రెండుసార్లు చదవాలి. నదిలో నీటిమట్టంలా విలువలు వస్తూనే ఉంటే, రెండోసారి చదవడానికి వెనక్కి తిరిగే వీలుండదు. 1962లో వెల్‌ఫర్డ్ అనే ఆయన దీనికీ ఉపాయం చెప్పాడు. కొత్త విలువ రాగానే సగటును కొంచెం జరపాలి, ఆ జరిగిన మేరకు దూరాల వర్గాల మొత్తాన్ని సవరించాలి, పాత విలువను మరిచిపోవాలి. మొత్తం నాలుగైదు వరుసల ప్రోగ్రాం. ప్రవాహంలా వచ్చే లెక్కలకు లైబ్రరీలు నేటికీ దీన్నే నమ్ముకుంటాయి.

పెద్ద సంఖ్యలకు ఇంకో గోడ కూడా ఉంది. ఒకటి నుంచి 170 వరకు అంకెలన్నీ గుణిస్తే వచ్చే క్రమగుణితం కంప్యూటర్‌లో పడుతుంది. 171కి పట్టదు, అనంతం అనేస్తుంది. 200 మందిలోంచి 100 మందిని ఎన్ని రకాలుగా ఎంచవచ్చో అడిగితే జవాబు 59 అంకెల సంఖ్యే, హాయిగా పడుతుంది. దారి మధ్యలో వచ్చే 200 క్రమగుణితమే పట్టదు. లైబ్రరీ ఏం చేస్తుందంటే, ఆ గుణకారాల జోలికి పోకుండా లాగరిథమ్‌లలోకి దిగి, కూడికలు తీసివేతలతో పని కానిచ్చి, చివర్లో పైకి తేలుతుంది. పాత టేబుల్స్ పుస్తకం చేసిన పనే ఇది. పుస్తకం పోయింది, కిటుకు పోలేదు.

చల్లిన విత్తనాలా, సాళ్లా?

గణాంకాల లైబ్రరీలో తరచూ పనిపడే మరో సామాను యాదృచ్ఛిక సంఖ్యలు. కంప్యూటర్‌కు పాచికలు వేయడం రాదు. ఒక సంఖ్యను తీసుకుని గట్టిగా గుణించి, ఎడమ పక్క అంకెలు కొట్టేసి, మిగిలినదాన్ని తర్వాతి సంఖ్య అంటుంది. మొదలుపెట్టే సంఖ్యను సీడ్ అంటారు. ఒకే విత్తనం వేస్తే ఒకే మొక్క వస్తుంది. సీడ్ తెలిస్తే వరస మొత్తం తెలిసినట్టే.

1960లలో ఐబీఎం కంప్యూటర్ల లైబ్రరీలో రాండు అనే ఉపప్రోగ్రాం ఉండేది. ప్రతిసారీ 65539తో గుణించడం దాని పని. ఒక్కో సంఖ్యగా చూస్తే చక్కగా చెదిరినట్టే ఉండేది. ప్రపంచమంతా వాడారు. 1968లో జార్జ్ మార్సాలియా ఇలాంటి గుణకార పద్ధతులన్నింటిలోనూ ఉన్న లోపాన్ని బయటపెట్టాడు. వరసగా వచ్చే మూడేసి సంఖ్యలను ఒక గదిలో చుక్కలుగా పెడితే, అవి గదంతా పరుచుకోవు, పలకల మీదే పడతాయి. రాండు విషయంలో ఆ పలకలు 15 మాత్రమే. చేత్తో చల్లిన విత్తనాలనుకున్నవి నిజానికి గొర్రు పట్టి సాళ్లలో వేసినవి. చేను గట్టున ఏటవాలుగా నిలబడి చూస్తే సాళ్లు కనిపించవు. సాలుకు ఎదురుగా వచ్చి చూసినవాడికి కనిపిస్తాయి. అప్పటికి దాని మీద ఆధారపడిన లెక్కలు ఎన్ని చెడ్డాయో ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు ఆర్‌లో మొదటగా చేతికొచ్చేది మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతి. జపాన్‌కు చెందిన మత్సుమొతో, నిషిమురా 1997లో దీన్ని తయారుచేశారు. వరస తిరిగి మొదటికి రావడానికి పట్టే అడుగుల సంఖ్యలో 6002 అంకెలుంటాయి. అయినా రహస్యాలు దాచే పనికి మాత్రం ఇది పనికిరాదు. బయటికొచ్చిన సంఖ్యలు తగినన్ని చూస్తే తర్వాతది చెప్పేయొచ్చు.

+ + +
ఒకే మార్కులు, రెండు జవాబులు

ముగ్గురు పిల్లల మార్కులు 60, 70, 80. ప్రామాణిక విచలనం ఎంత? నంపైని అడిగితే 8.16 అంటుంది. ఆర్‌ని అడిగితే 10 అంటుంది.

రెండూ సరైనవే. ఈ ముగ్గురే మొత్తం తరగతి అయితే వర్గాల మొత్తాన్ని 3తో భాగించాలి. పెద్ద తరగతిలోంచి నమూనాగా తీసిన ముగ్గురైతే 2తో భాగించాలి, ఎందుకంటే సగటును కూడా ఆ ముగ్గురి నుంచే తీసుకున్నాం కాబట్టి దూరాలు అసలుకంటే కాస్త చిన్నవిగా కనిపిస్తాయి. నంపై అడగకపోతే మొదటిది చేస్తుంది, ఆర్ ఎప్పుడూ రెండోదే. పైథాన్‌లోనే ఉన్న పాండాస్ లైబ్రరీ ఆర్ వైపు నిలబడింది. వందల విలువలుంటే తేడా కనిపించదు. పది పన్నెండు విలువలతో ప్రాజెక్టు చేసేవాళ్లకు మాత్రం గట్టిగానే తగులుతుంది.
+ + +

ఆర్‌లో ఒక తెలుగు పేరు

ఆర్‌ను న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టారు. దాని 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది. నాలుగేళ్లకోసారి వచ్చే తేదీ చూసి మరీ వదిలారు, గణాంకాలవాళ్ల సరదాలు ఇలాగే ఉంటాయి. ఆ భాషలో రెండు గణాంక మోడల్స్‌ను పోల్చేటప్పుడు ఏ పరీక్ష వాడాలో పేరు రాసి చెప్పొచ్చు. అందులో ఒక పేరు రావ్. ఆయన కల్యంపూడి రాధాకృష్ణ రావు, సి.ఆర్. రావుగా లోకానికి తెలిసినవారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకుని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం పూర్తిచేసి కలకత్తా వెళ్లారు. 1945లో, దాదాపు పాతికేళ్ల వయసులోనే, ఉన్న సమాచారంతో ఏ అంచనా అయినా ఇంతకు మించి ఖచ్చితంగా ఉండలేదని ఒక హద్దు గీశారు. 1948లో స్కోర్ పరీక్ష చెప్పారు. లైబ్రరీలో ఆయన పేరుతో ఉన్నది ఈ పరీక్షే. 2023లో గణాంకశాస్త్ర అంతర్జాతీయ బహుమతి అందుకుని, ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు.

లైబ్రరీల అడుగుపొరలో ఇలాంటి పాత పని ఇంకా చాలా ఉంది. నంపైని కానీ ఆర్‌ని కానీ సమీకరణాల గుంపు సాధించమని అడిగితే, ఆ పని కిందికి జారి జారి లాపాక్ అనే లైబ్రరీ దగ్గరికి చేరుతుంది. 1992లో వచ్చిన లాపాక్‌ను ఫోర్ట్రాన్‌లో రాశారు. అది 1970లలో వచ్చిన లిన్‌పాక్, ఐస్‌పాక్‌ల వారసురాలు. ఈ కుటుంబం మొత్తం మీద చేయి వేసిన జాక్ డోంగారాకు 2021 ట్యూరింగ్ అవార్డు దక్కింది. 2019లో ప్రపంచం మొదటిసారి చూసిన కృష్ణబిలం ఫొటో వెనక లెక్కల్లో నంపై ఉంది. ఇవన్నీ ఎవరైనా తెరిచి చదువుకోగలిగిన ప్రోగ్రాములు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఎం.ఎస్సి., పిహెచ్.డి. విద్యార్థులకు ఒక మాట. రిపోర్టులో కంప్యూటర్‌తో లెక్కించాం అని ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, సీడ్ ఎంత, విస్తృతికి దేనితో భాగించారు, ఈ నాలుగూ రాయండి. విస్తృతి సూత్రాన్ని సొంతంగా ప్రోగ్రాం రాసుకోవాలని ముచ్చటపడితే తప్పక రాసుకోండి. కానీ నమ్మేముందు దానికి 100 కోట్ల ఒకటి, 100 కోట్ల రెండు, 100 కోట్ల మూడు ఇచ్చి చూడండి.